పిల్లల కాలేజీ చదువుకి డబ్బు ఎలా సర్దుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం సర్వీసు లోన్ల డెస్కు దగ్గరే గడిచింది. ఇప్పటికీ ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన వారం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. చుట్టాలు, పాత కస్టమర్లు, వాళ్లు చెబితే చేసేవాళ్లు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

నా అనుభవంలో తేలింది ముందే చెప్పేస్తాను. చవగ్గా దొరికే డబ్బుకి టైమ్ పడుతుంది. స్కాలర్‌షిప్‌కి నెలలు, బ్యాంకు లోనుకి వారాలు, ఆడపిల్లల పేరు మీద దాచే సుకన్య ఖాతాకి ఏళ్లు. సాయంత్రం అడిగితే పొద్దున్నే చేతికొచ్చే డబ్బు మాత్రం రెండు రూపాయల వడ్డీదే. సీటొచ్చాక డబ్బు వెతకడం మొదలుపెట్టేవాళ్లకి ఆ చివరిదే మిగులుతోంది. కింద రాసిన జవాబులన్నీ ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికే.

బీటెక్‌కి అసలు ఎంతవుతుంది? కాలేజీ ఫీజు తెలిస్తే చాలదా?

చాలదు. మా తమ్ముడి కూతురు కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు తెచ్చుకుంది. ట్యూషన్ ఫీజు 95,000. "లక్షలోపే కదా అన్నయ్యా, ఎలాగోలా లాగేస్తా" అన్నాడు తమ్ముడు. నేను ఒక రూళ్ల నోట్‌బుక్ కొనిచ్చి, ఖర్చయిన ప్రతి రూపాయీ అందులో రాయమన్నాను. మొదటి సంవత్సరం పూర్తయ్యాక ఆ పేజీలో ఉన్నవి ఇవీ: ట్యూషన్ ఫీజు 95,000, హాస్టల్ 1,05,000, యూనివర్సిటీ ఫీజు, అక్రిడిటేషన్ ఫీజు అంటూ విడిగా కట్టించుకున్నవి 8,500, పుస్తకాలు, యూనిఫాం, డ్రాఫ్టర్, ల్యాబ్ కోటు 9,000, లాప్‌టాప్ 52,000, పండగలకి రానూపోనూ చార్జీలు 6,000, చేతిఖర్చు, ఫోన్ రీఛార్జి కలిపి నెలకి 2,000 చొప్పున పది నెలలకి 20,000. అంతా కూడితే 2,95,500. లక్ష అనుకున్నది మూడు లక్షల దగ్గర తేలింది. పైగా ఇది కన్వీనర్ సీటు.

అందుకని కాలేజీ ఎంచుకునేటప్పుడే, ఇప్పటికే అక్కడ చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరితో మాట్లాడండి. "ఫీజు ఎంత?" అని కాదు, "పోయినేడు మొత్తం ఎంతయింది?" అని అడగండి. హాస్టల్ అక్కర్లేని దూరంలో కాస్త చిన్న కాలేజీ ఉంటే, నాలుగేళ్లలో నాలుగు లక్షల తేడా వస్తుంది. అలాగని ఏ కాలేజీ అయినా ఒకటే అనను, కానీ రెండు కాలేజీల మధ్య ఎటూ తేలకపోతే ఆ నాలుగు లక్షల్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరికి వస్తుంది?

రెండు రాష్ట్రాల్లోనూ ముఖ్యమైన షరతు ఒకటే: సీటు కన్వీనర్ ద్వారా రావాలి. మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్‌కి రాదు. ఏజెంట్లు ఏం చెప్పినా నమ్మకండి.

ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్లో. కొన్నేళ్లపాటు ఈ డబ్బు తల్లి ఖాతాలో పడేది, తర్వాత నేరుగా కాలేజీకే ఇచ్చే పద్ధతికి మళ్లారు. తెలంగాణలో ఈ-పాస్ పోర్టల్లో దరఖాస్తు చేయాలి. బీసీ, ఈబీసీ కుటుంబాలకి ఆదాయ పరిమితి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అక్కడ ఇంజినీరింగ్ విషయంలో చాలామందికి చివరిదాకా తెలియని సంగతి ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీల్లో పదివేల లోపు ర్యాంకు ఉన్నవాళ్లకి పూర్తి ఫీజు ఇస్తారు, అది దాటితే మామూలుగా 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65,000 మీరే కట్టుకోవాలి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే ఈ లెక్క చూసుకోకపోతే, సీటు అలాట్ అయ్యాక టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఇక చిన్న విషయాల దగ్గర ఆగిపోయే దరఖాస్తులే ఎక్కువ. టెన్త్ మెమోలో "వెంకట సాయి", ఆధార్‌లో "సాయి". బ్యాంకు ఖాతా ఉంటుంది, ఆధార్ మాత్రం దానికి లింకై ఉండదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం పాతదై ఉంటుంది. ఇంటర్ సెకండియర్ సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు కేటాయించి ఈ మూడూ సరిచూసుకోండి. జులైలో మీసేవ ముందు, సచివాలయం ముందు ఉండే క్యూలు ఎలాంటివో మీకు తెలుసు. హాజరు 75 శాతం తగ్గకూడదని పిల్లలకి మొదటి రోజే చెప్పండి.

ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే కాలేజీ మమ్మల్ని కట్టమంటోంది. సర్టిఫికెట్లు కూడా ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ఇది అందరికంటే ఎక్కువగా పేదవాళ్లనే ఏడిపించే సమస్య. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పాటించాయి. కాలేజీల ఇబ్బంది నిజమే. కానీ ఆ బరువు చివరికి వచ్చి పడేది విద్యార్థి మీదే.

మా బంధువుల అబ్బాయి ఒకడికి ఫైనలియర్ అయిపోయింది, చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. కాలేజీ వాళ్లు రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ బాకీ కడితేనే ఇస్తామన్నారు. వాళ్ల నాన్న ఆటో తోలతాడు. మూడు రూపాయల వడ్డీకి 70,000 తెచ్చి కట్టాడు. ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చాక తిరిగిస్తామని కాలేజీ చెప్పింది. ఆ డబ్బు చేతికొచ్చేసరికి వడ్డీ కిందే 30,000కు పైగా కట్టి ఉన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని కాలేజీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈ స్పష్టంగా చెప్పాయి. అడ్మిషన్ రోజు వెరిఫికేషన్ చేసి వెనక్కి ఇవ్వాలి. ఆ రోజే గట్టిగా అడగండి. తీసుకునే తీరతామంటే రసీదు రాయించుకోండి, ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేసుకోండి. తర్వాత గొడవ వస్తే నోటిమాటగా కాకుండా ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. దాని కాపీతో యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, ఉన్నత విద్యామండలికి ఫిర్యాదు చేయండి. ఒక్కరు వెళ్తే తిప్పించుకుంటారు. అదే సమస్య ఉన్న పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్తే అదే రోజు ఫైల్ కదలడం నేను చూశాను.

రీయింబర్స్‌మెంట్ రానివాళ్లకి ఇంకేం స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి?

కేంద్రానివి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఉంటాయి. ఇంటర్ బోర్డులో పైనుంచి 20 శాతం మందిలో ఉండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేయొచ్చు. డిగ్రీ మొదటి మూడేళ్లూ ఏడాదికి 12,000 వస్తుంది. ఆడపిల్లలకి ఏఐసీటీఈ వారి ప్రగతి ఉంది. ఇది డిప్లొమా లేదా బీటెక్‌లో చేరిన అమ్మాయికి ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు. దివ్యాంగులకి అదే మొత్తంతో సక్షమ్ ఉంది. ప్రగతి గురించి నేను చెప్పిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది "అలాంటిది ఉందా?" అన్నవాళ్లే. మీ ఇంట్లో బీటెక్ చేరబోయే అమ్మాయి ఉంటే ముందు దాని నోటిఫికేషన్ చూడండి.

తక్కువ ఖర్చులో మంచి చదువు దొరికే దారులు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. టెన్త్‌లో బాగా మార్కులొచ్చిన పల్లెటూరి పిల్లలకి ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి: బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు ఒకేచోట చదువుకోవచ్చు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీకి పోసే లక్షలు మిగిలిపోతాయి. రెండో దారి పాలిటెక్నిక్. టెన్త్ తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఖర్చు చాలా తక్కువ. పైగా మధ్యలో ఇంటి పరిస్థితి బాగోలేకపోతే డిప్లొమాతోనే ఉద్యోగంలో చేరొచ్చు.

ఐఐటీ అంటే ఖర్చెక్కువని భయపడి వెనక్కి తగ్గినవాళ్లు నాకు తెలుసు. అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలున్న మాట నిజమే. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి పూర్తిగా మాఫీ. మిగతావాళ్లలో ఇంటి ఆదాయం లక్ష లోపుంటే పూర్తిగా, 5 లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ మాత్రం కట్టుకోవాలి.

ఎడ్యుకేషన్ లోన్ ఎంత ఇస్తారు? హామీ ఏం అడుగుతారు?

7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. ఆ మేరకు బ్యాంకుకి ప్రభుత్వం తరఫున హామీ ఉండే క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది. అది దాటితే ఇల్లు, స్థలం, ఎఫ్‌డీ, ఎల్ఐసీ బాండు లాంటివి అడుగుతారు. 4 లక్షల దాకా మీ వాటా ఏమీ ఉండదు. అది దాటితే మన దేశంలో చదువుకి 5 శాతం, విదేశీ చదువుకి 15 శాతం మీరు పెట్టుకోవాలి. లోన్ విద్యార్థి పేరు మీద ఉంటుంది, తల్లిగానీ తండ్రిగానీ కలిసి సంతకం పెట్టాలి. ట్యూషన్ ఫీజే కాదు, హాస్టల్, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, లాప్‌టాప్ కూడా అందులో కలుపుతారు. మొదటి రోజే అన్నీ కలిపి అడగండి. "ఫీజుకి మాత్రం చాలండి" అని మొహమాటపడి తీసుకుని, లాప్‌టాప్‌కి పర్సనల్ లోన్ కోసం మళ్లీ నా దగ్గరికొచ్చిన వాళ్లెందరో.

2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టు, పూచీ లేకుండా లోన్ ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా ఉన్న లోన్ మీద చదువుకునే కాలంలోనూ, ఆ తర్వాత ఏడాదీ వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది. ఇది ఏడాదికి లక్షమందికే. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, చేరింది వృత్తివిద్య లేదా సాంకేతిక కోర్సు అయితే ఆ కాలపు వడ్డీ మొత్తం కేంద్రమే కట్టే పథకం వేరే ఉంది. మీ కాలేజీ ఏ జాబితాలో ఉందో అడ్మిషన్‌కి ముందే చూసుకోండి.

దరఖాస్తు ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టడమే మంచిది. బ్రాంచికెళ్లి నోటితో అడిగితే "మా ఏరియా కాదు", "టార్గెట్ అయిపోయింది" అని పంపేయొచ్చు. నా తోటివాళ్లు అలా పంపడం చూశాను, బాధగానే ఒప్పుకుంటున్నాను. పోర్టల్లో పెడితే తేదీతో సహా రికార్డు ఉంటుంది. తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి కావాలి. ఎందుకు కాదన్నారో రాసిమ్మనండి. ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు.

ఇంకో మాట. సంతకం పెట్టే తండ్రి సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే మార్కులు చూస్తారు. ఎప్పుడో ట్రాక్టర్ లోనో, బండి లోనో ఎగ్గొట్టి ఉంటే అక్కడే ఆగిపోతుంది. పిల్లలు ఇంటర్‌లో ఉండగానే ఆ రిపోర్టు తీయించి చూసుకోండి.

పది శాతం, పదకొండు శాతం అంటారు. మాకు అర్థమయ్యేలా రూపాయల్లో చెప్పండి.

మన ఊళ్లలో వడ్డీ అంటే నెలకి నూటికి ఎన్ని రూపాయలని కదా. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. బ్యాంకు 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. 10 శాతం అంటే 83 పైసలు. ఊళ్లో ఎంత దగ్గరివాళ్లయినా ముప్పావలా వడ్డీకి ఇస్తారా? బ్యాంకు చుట్టూ తిరగడం తలనొప్పని రెండు రూపాయలకి తెచ్చేవాళ్లకి నేను చెప్పేది ఈ లెక్కే. 6 లక్షల మీద బ్యాంకు వడ్డీ ఏడాదికి 60,000, రెండు రూపాయల వడ్డీ 1,44,000. ఏడాదికి 84,000 తేడా.

ఇప్పుడు బ్యాంకు లోన్‌లోనే డబ్బు మిగిలే ఒక పద్ధతి చెబుతాను. ఏడాదికి 1.5 లక్షల చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, మొత్తం 6 లక్షలు, 10 శాతం వడ్డీ. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కట్టక్కర్లేదు. కానీ ఆ ఐదేళ్లూ వడ్డీ లెక్కలో పెరుగుతూనే ఉంటుంది. సాధారణ వడ్డీయే అయినా చివరికి 2.1 లక్షలవుతుంది, అప్పు 8.1 లక్షల దగ్గర మొదలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 10,700 ఈఎంఐ.

అలా వదిలేయకుండా ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే మొదటి ఏడాది నెలకి 1,250 చాలు. రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, నాలుగో ఏడాది నుంచి 5,000. అప్పుడు అప్పు 6 లక్షల దగ్గరే ఉంటుంది, ఈఎంఐ సుమారు 7,900. పదేళ్లలో ఈఎంఐల రూపంలో మూడు లక్షల ముప్ఫై వేల దాకా తగ్గుతుంది. చాలా బ్యాంకులు ఇలా కట్టేవాళ్లకి వడ్డీ రేటు కూడా ఒక శాతం దాకా తగ్గిస్తాయి. లోన్ పేపర్లు ఇచ్చేటప్పుడు ఆ రాయితీ గురించి మీరే అడగండి.

పొలం ఉంది. తాకట్టు పెట్టాలా, అమ్మేయాలా?

వ్యవసాయ భూమిని ఎడ్యుకేషన్ లోన్‌కి తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ఇష్టపడవు. బాకీ పడితే ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు, కారణం అదే. అందుకని "నాలుగెకరాలున్నాయి కదా, లోన్ వచ్చేస్తుంది" అన్న ధీమాతో ఉండకండి.

అమ్మడం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మొదటి ఏడాది ఫీజు కోసం ఎకరం అమ్మకండి. 7.5 లక్షల దాకా తాకట్టు లేని లోన్ ఉండగా అమ్మాల్సిన పని లేదు. అమ్మక తప్పని పరిస్థితే వస్తే జూన్ నెలలో తొందరపడి అమ్మకండి. మీ అవసరం ఎదుటివాడికి తెలిసిపోతుంది, ఎకరానికి లక్షల్లో తగ్గించి అడుగుతాడు. ఏడాది ముందే బేరం పెట్టుకున్నవాళ్లకి వచ్చిన ధర, సీటొచ్చాక అమ్మినవాళ్లకి రాలేదు.

చిట్టీ వేస్తే ఫీజుకి పనికొస్తుందా?

పనికొస్తుంది, ముందే వేసుంటే. ఐదు లక్షల చిట్టీ అనుకోండి, 50 మంది, 50 నెలలు, నెలకి పదివేలు. ఎనిమిదో నెలలో మీరు 1.5 లక్షలు తగ్గించుకుని పాడారు. చేతికి 3.5 లక్షలు వస్తాయి. ఆ లక్షన్నరలో నిర్వాహకుడి కమీషన్ 25,000 పోగా మిగతా 1,25,000 యాభైమందికీ తలా 2,500 పంచుతారు, ఆ నెల అందరూ కట్టేది 7,500. మీరు మాత్రం ఆ తర్వాత ఇంకా 42 నెలలు కట్టాలి.

తొందరపడి పాడినవాళ్లకి చిట్టీ ఖరీదైన అప్పు, ఓపిగ్గా చివరిదాకా ఉన్నవాళ్లకి అదే పొదుపు. జూన్, జులైల్లో పాట ఎక్కువ పోతుంది, ఎందుకంటే అప్పుడు అందరి ఇళ్లలోనూ ఫీజులే. వీలైతే ఫిబ్రవరి, మార్చిలో పాడి ఆ డబ్బు ఎఫ్‌డీలో వేసుకోండి. పాడిన వెంటనే డబ్బు రాదు, జామీను ఇవ్వాలి. జీతగాళ్లని ఇద్దరు ముగ్గుర్ని ఒప్పించి, వాళ్ల పేస్లిప్పులు తెచ్చేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీయే వేయండి. వీధి చివర ఇంట్లో నమ్మకం మీద నడిచే చిట్టీలో పిల్లల ఫీజు డబ్బు పెట్టొద్దు.

బంగారం?

రెండు మూడు నెలల అవసరానికి మంచి దారి. ఎడ్యుకేషన్ లోన్ మంజూరయ్యేలోగా మొదటి ఫీజు కట్టడానికి గొలుసు బ్యాంకులో పెట్టండి. మంజూరయ్యాక రసీదులు చూపిస్తే ముందు కట్టిన ఫీజు కూడా కొన్ని బ్యాంకులు లోన్‌లో కలుపుతాయి, దాంతో గొలుసు విడిపించుకోవచ్చు. నాలుగేళ్లూ బంగారం మీదే నడిపిస్తే ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ చివరికి వేలందాకా పోతుంది.

పాప ఇంకా చిన్నది. ఇప్పటినుంచి ఎలా దాచాలి?

ఆడపిల్లకి పదేళ్లలోపే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, పోస్టాఫీసులోనైనా బ్యాంకులోనైనా. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం 1.5 లక్షలు. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకి పూర్తవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక, లేదా టెన్త్ పాసయ్యాక, చదువు కోసం ఖాతాలో ఉన్నదాంట్లో సగం తీసుకోవచ్చు. మూడేళ్ల పాపకి తెరిచి, ప్రతి ఏప్రిల్ మొదట్లో 60,000 వేస్తూ పోతే, సగటున 8 శాతం వడ్డీ అనుకున్నా పద్దెనిమిదేళ్లకి 17 లక్షలు దాటుతుంది. మీరు వేసింది 9 లక్షలే. వడ్డీ రేటు ప్రభుత్వం మూడు నెలలకోసారి చూసి మారుస్తుంది, అది గుర్తుంచుకోండి. మగపిల్లాడైతే పోస్టాఫీసులో, బ్యాంకుల్లో ఉండే పొదుపు ఖాతా పీపీఎఫ్ ఉంది, పదిహేనేళ్లు.

పిల్లల పేరు మీద పాలసీలు చేయించే ముందు ఒక్కటి ఆలోచించండి. సంపాదించే మనిషికి ఏమైనా అయితే చదువు ఆగకూడదు. కాబట్టి ఇన్సూరెన్స్ ఉండాల్సింది తండ్రికో తల్లికో, అది కూడా టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే బీమా. పొదుపు వేరేగా చేసుకోండి.

మేనేజ్‌మెంట్ సీటుకి డొనేషన్ అడుగుతున్నారు. లోన్ వస్తుందా?

మేనేజ్‌మెంట్ సీటుకి లోన్ రావచ్చు, కానీ ఆమోదించిన ఫీజు మేరకే. రసీదు లేని డొనేషన్‌కి ఏ బ్యాంకూ ఇవ్వదు. ఆ డబ్బు మీరు నగదుగా ఇస్తారు. పిల్లాడు రెండు నెలలకి మానేసినా, వేరేచోట సీటొచ్చినా దాన్ని అడిగే కాగితం మీ దగ్గరుండదు. సక్రమంగా కట్టిన ఫీజుకైతే యూజీసీ వాపసు నిబంధనలున్నాయి. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు ముందు మానుకుంటే దాదాపు మొత్తం వెనక్కివ్వాలి, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గుతుంది. రసీదు ఉంటేనే ఇవన్నీ పనికొస్తాయి.

అమెరికాలో ఎంఎస్‌కి పంపాలనుకుంటున్నాం. 40 లక్షలు అప్పు చేయొచ్చా?

చేసేముందు పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మూడు విషయాలు చూడండి. మొదటిది డాలర్. అప్పు రూపాయల్లో, ఫీజు డాలర్లలో. 2015లో 65 రూపాయల దగ్గరున్న డాలర్ 2025 చివరికి 90కి చేరింది. రెండో ఏడాది ఫీజుకి ఇప్పటి రేటు కంటే ఎక్కువే వేసుకోండి. రెండోది ఉద్యోగం. చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి ఒక ఏడాది, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకి ఇంకో రెండేళ్లు. ఆ మూడేళ్లలో ఉద్యోగం రాకపోతే ఇండియా జీతంతో ఆ ఈఎంఐ కట్టగలమా అన్న ప్రశ్నకి జవాబు ఇంట్లో అందరికీ తెలిసుండాలి. మూడోది పార్ట్‌టైమ్. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి. బయట పెట్రోలు బంకులో, రెస్టారెంట్లో చేసి నెట్టుకొస్తాడన్న లెక్క మీద పంపకండి. పట్టుబడితే వీసా పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

వీసా కోసం బ్యాంకు బ్యాలెన్స్ అద్దెకి తెచ్చి చూపించే కన్సల్టెన్సీల జోలికి పోకండి. తాకట్టు పెట్టడానికి ఇల్లుంటే ప్రభుత్వ బ్యాంకే నయం. తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీల వడ్డీ ఎక్కువ, చాలావాటికి చదువుకునేటప్పుడే కొంత కడుతూ ఉండాలి. తెలంగాణలో ఎస్సీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకి 20 లక్షల దాకా ఇచ్చే విదేశీ విద్యానిధి పథకాలున్నాయి, ఇంటి ఆదాయం 5 లక్షల లోపుంటే ముందు అవి చూడండి.

పన్నులో ఏమైనా మిగులుతుందా?

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఎడ్యుకేషన్ లోన్ మీద కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ల పాటు, పరిమితి లేకుండా మినహాయింపు ఉంది. చుట్టాల దగ్గర తెచ్చిన అప్పుకి వర్తించదు. ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు 1.5 లక్షల పొదుపు పరిమితిలో చూపించుకోవచ్చు.

అమ్మాయి పేరు మీద లోన్ ఉంటే పెళ్లి సంబంధాలకి ఇబ్బంది కదా?

ఈ ప్రశ్న తల్లులు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. అబ్బాయి లోన్ గురించి ఎవరూ ఇలా అడగలేదు. పెళ్లికని పదేళ్లుగా పదిహేను లక్షలు దాస్తారు, ఆ అమ్మాయి చదువుకి ఐదు లక్షల లోన్ అంటే మాత్రం భయపడతారు. మీ అమ్మాయి ఉద్యోగం చేసి రెండు మూడేళ్లు ఈఎంఐ కట్టనివ్వండి. తన చదువుకి తను కట్టుకుంటున్న పిల్లని, ఆ అప్పు చూసి వద్దనుకునే ఇంటికి ఇవ్వకపోవడమే మంచిదని తల్లిదండ్రుల మొహం మీదే చెప్పాను. పెళ్లి మాటలప్పుడు లోన్ సంగతి దాచకుండా, ఇంకా ఎంత ఉందో, ఎవరు కడతారో ముందే చెప్పేయండి.

ఇంటి పరిస్థితి పిల్లలకి చెప్పాలా? వాళ్ల చదువు మీద ప్రభావం పడదా?

చెప్పండి. తమ్ముడు ఆ ఖర్చుల నోట్‌బుక్ మొదట కూతురికి చూపించలేదు. రెండో ఏడాది సెలవులకి ఇంటికొచ్చినప్పుడు టీవీ స్టాండు కింద ఆ పిల్లకే కనపడింది. ఏమీ అనలేదట. కింద ఒక గీత గీసి, తన అక్షరాలతో "హాస్టల్ మారితే 30,000 తగ్గుతుంది, నలుగురం కలిసి రూమ్ తీసుకుంటాం" అని రాసింది. అప్పటినుంచి ఆ పుస్తకం లెక్కలు తనే రాస్తోంది.

చదువైపోయింది, ఉద్యోగం రాలేదు, ఈఎంఐ మొదలైపోయింది. ఏం చేయాలి?

మొదటి ఈఎంఐ తప్పకముందే బ్రాంచికి వెళ్లండి. తప్పాక వెళ్లడానికీ, ముందే వెళ్లడానికీ చాలా తేడా ఉంటుంది. ఉద్యోగం లేదని రాసిచ్చి, ఆరు నెలలు వాయిదా అడగండి. బ్యాంకుల నమూనా పథకంలోనే అందుకు వీలుంది. కాలపరిమితిని పదిహేనేళ్ల దాకా పెంచి ఈఎంఐ తగ్గించమని కూడా అడగొచ్చు. మూడు నెలలు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, పిల్లవాడి సిబిల్‌తో పాటు సంతకం పెట్టిన మీదీ పాడవుతుంది. రికవరీ ఏజెంట్ ఫోన్ చేస్తే ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని చెప్పండి. మీ అర్జీ కాపీ మీద బ్రాంచి సీలు, తేదీ వేయించుకుని లోన్ కాగితాలతో పాటు అదే ఫైల్లో పెట్టుకోండి.